సీటుకు ముందు సంవత్సరాలు

(మెదక్ పట్టణంలో మన సొసైటీ వార్షిక సభలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ఈ ఏడాది నోటు పుస్తకాలు పంచిన రోజు తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి మా దగ్గరకు వచ్చి, "చాచా, నాకు డాక్టర్ సీటు వస్తదా?" అని అడిగింది. "ఇన్షా అల్లాహ్, తప్పకుండా వస్తది బేటీ. బాగా చదువుకో" అన్నాం. ఆ పాప సంతోషంగా వెళ్లిపోయింది. ఇంటికి వెళ్లాక ఆలోచిస్తే మాకు ఒక సంగతి తోచింది. ఆ పాపకు దుఆ ఇచ్చాం గాని, జవాబు ఇవ్వలేదు. ఆ జవాబు ఏమిటో ఈ రోజు మీ ముందు పెడతాం. ఎందుకంటే అందులో మీ వంతు కూడా ఉంది.

ముందుగా లెక్క చూద్దాం. 2025లో దేశం మొత్తం మీద 22 లక్షల మందికి పైగా నీట్ పరీక్ష రాశారు. 12 లక్షల 36 వేల మందికి పైగా అర్హత సాధించారు. దేశంలో ఉన్న ఎంబీబీఎస్ సీట్లు, ప్రభుత్వ, ప్రైవేటు కాలేజీలు కలిపి, లక్షా ఇరవై వేల దరిదాపు. అంటే అర్హత పొందిన ప్రతి పది మందిలో సీటు దొరికేది ఒక్కరికే. ఆ సీట్లలో కూడా సగం వరకు ప్రైవేటు కాలేజీలవి. అక్కడ మేనేజ్‌మెంటు కోటా ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది. కాబట్టి "మా బిడ్డ నీట్ క్వాలిఫై అయింది" అని ఎవరైనా చెబితే సంతోషించాలి. కాని క్వాలిఫై కావడం వేరు, సీటు రావడం వేరు. ఈ తేడా మన మొహల్లాల్లో చాలామందికి తెలియదు. మాకూ తెలియదు. ఆ సంగతి కొంచెం ఆగి చెబుతాం.

రెండో మాట మన ఊరి కాలేజీ గురించి. అల్‌హమ్దులిల్లాహ్, 2024లో మెదక్‌కు ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. 50 సీట్లతో మొదలైంది. "మన ఊళ్లోనే కాలేజీ ఉంది, ఇక మన పిల్లలకేం తక్కువ" అని చాలామంది అంటున్నారు. సోదరులారా, అందులో మెదక్ వాళ్లకని ప్రత్యేకంగా ఒక్క సీటు కూడా లేదు. 15 శాతం సీట్లు అఖిల భారత కోటాకు పోతాయి. మిగిలినవి వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం రాష్ట్రమంతటి పిల్లలకు ర్యాంకు ప్రకారం, రిజర్వేషన్ ప్రకారం ఇస్తుంది. కాలేజీ మన వీధిలో ఉన్నా దారి మాత్రం నీట్ ర్యాంకు మీదుగానే పోవాలి.

మూడో మాట కాగితాల గురించి. 2007 చట్టం ప్రకారం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. ఆ కేసు ఇంకా సుప్రీంకోర్టులో ఉన్నా, 2010 నాటి మధ్యంతర ఉత్తర్వు వల్ల అది అమలవుతూ వస్తోంది. షేక్‌లు, ఖురేషీలు మొదలైన వర్గాలు ఇందులోకి వస్తాయి. దూదేకుల వారు బీసీ-బీలో ఉన్నారు. సయ్యద్‌లు, పఠాన్‌లు, మొఘల్‌లు బీసీ-ఈలోకి రారు. వారు ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కు అర్హత ఉందేమో చూసుకోవాలి. ఇవి కాక ముస్లిం మైనారిటీ మెడికల్ కాలేజీల్లో కన్వీనర్ కోటా సీట్లు మన పిల్లలకే ఉన్నాయి. 1984లో మొదలైన దక్కన్ కాలేజీ వీటిలో పాతది. అక్కడా చూసేది నీట్ ర్యాంకునే.

ఇన్ని దారులు ఉన్నా కౌన్సెలింగ్ రోజుల్లో మన పిల్లలు దేనికోసం పరుగులు తీస్తున్నారో తెలుసా? పేరు కోసం. పదో తరగతి మెమోలో "మహమ్మద్" అని ఉంటుంది, ఆధార్‌లో "ఎండీ" అని ఉంటుంది, తండ్రి కుల ధ్రువీకరణలో మరో రకంగా ఉంటుంది. సర్టిఫికెట్లు సరి చూసే తేదీ దగ్గర పడ్డాక మీసేవకు, తహసీల్దార్ కార్యాలయానికి తిరిగితే పని కాదు. ఇది ఎనిమిదో తరగతిలోనే సరిచేసుకోవలసిన పని. దీనికి పెద్ద ఖర్చు లేదు, చెప్పే మనిషి కావాలి.

ఇంకొక ముఖ్యమైన నిబంధన ఉంది. తెలంగాణ స్థానిక కోటా కావాలంటే బిడ్డ తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు నాలుగేళ్లూ వరుసగా మన రాష్ట్రంలోనే చదివి ఉండాలని 2024లో నియమం వచ్చింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మన వాళ్లు మంచి ఉద్దేశంతోనే పిల్లలను ఇంటర్‌కు బీదర్‌కో విజయవాడకో పంపుతుంటారు. పంపే ముందు ఈ నియమం తెలుసుకోండి. డబ్బు పోసి చదివించి స్థానికత పోగొట్టుకోవడం కంటే నష్టం ఇంకోటి లేదు.

ఇప్పుడు మా తప్పు చెప్పే సమయం వచ్చింది.

కొన్నేళ్ల క్రితం మన పట్టణంలో ఒక దర్జీ గారి అమ్మాయి నీట్‌లో అర్హత సాధించింది. మేము ఇదే విధంగా సభ పెట్టి, శాలువా కప్పి, ఫొటో తీసి, సావనీర్‌లో వేశాం. "కాబోయే డాక్టర్" అని ఫొటో కింద రాశాం. ఆ ఏడాది ఆ అమ్మాయికి సీటు రాలేదు. వచ్చే ర్యాంకు కాదని మాలో ఎవరికీ తెలియదు. తర్వాత ఆమె తండ్రి మా ఆఫీసుకు వచ్చారు. "ఒక్క ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుంటే వస్తదంటున్నరు. హాస్టల్‌తో కలిపి లక్ష దాటుతది. సగం నేను ఎట్లన్న చేసుకుంట, సగం మీరు చూడండి" అన్నారు. మేము రిజిస్టరు తీసి చూపించాం. "కాలేజీలో చేరిన విద్యార్థులకు మాత్రమే ఉపకార వేతనం" అని మన నియమం. సీటు వచ్చాక రండి, మొత్తం ఫీజు మేమే కడతాం అన్నాం. ఆయన ఇంకోసారి కూడా వచ్చారు. మళ్లీ అదే జవాబు.

ఆ అమ్మాయి రెండోసారి పరీక్ష రాయలేదు. ఇప్పుడు ఒక చిన్న ప్రైవేటు బడిలో సైన్సు చెబుతోంది. మాకు ఆమె మీద ఎంతో గౌరవం ఉంది. కాని నియమం రాసింది మేమే. మంచి మనసుతోనే రాశాం. డబ్బు వృథా కాకూడదని రాశాం. ఆ నియమమే ఆమె దారికి అడ్డం పడింది.

ఎందుకు అంటున్నామంటే, లెక్క చూడండి. ప్రభుత్వ కాలేజీలో ఎంబీబీఎస్ ట్యూషన్ ఫీజు ఏడాదికి దాదాపు పది వేలు. ప్రైవేటులో కన్వీనర్ కోటా ఫీజు అరవై వేలుగా ఉంటూ వచ్చింది. సీటు వచ్చిన బిడ్డకు ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఉంది, బ్యాంకు అప్పు ఉంది, బంధువులు ఉన్నారు, మనలాంటి సొసైటీలు ఉన్నాయి. డాక్టర్ కాబోయే బిడ్డకు చేయి అందించేవారు దొరుకుతారు. సీటుకు ముందు ఏడాది ఇంట్లో కూర్చొని చదివే బిడ్డకు ఎవరూ లేరు. ఆ ఏడాది మగపిల్లవాడైతే దుకాణంలో పనికి పోతాడు. ఆడపిల్లకైతే సంబంధం చూస్తారు. డబ్బున్న ఇంట్లో రెండో ప్రయత్నం మామూలు విషయం. పేద ఇంట్లో మొదటి ప్రయత్నమే ఆఖరిది.

ఇటీవల మేము ఆ టీచరమ్మ దగ్గరకే వెళ్లి, మన పిల్లలు ఎక్కడ వెనుకబడుతున్నారో చెప్పమని అడిగాం. ఆమె చెప్పిన మాట చిన్నదే. "బయాలజీలో కాదు చాచా, ఫిజిక్స్‌లో." నీట్ మొత్తం 720 మార్కులు. బయాలజీకి 360, కెమిస్ట్రీకి 180, ఫిజిక్స్‌కు 180. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. బయాలజీ కష్టపడి చదివితే వస్తుంది. ఫిజిక్స్‌కు లెక్కలు రావాలి. డాక్టర్ కావాలనుకునే పిల్లలు "మాకు బైపీసీ, లెక్కలతో పనిలేదు" అని తొమ్మిది, పదో తరగతుల్లోనే లెక్కలు వదిలేస్తారు. ఇంటర్‌లో దాని ఫలితం తెలుస్తుంది. నోటు పుస్తకాల రోజు ఆ పాప అడిగిన ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడ ఉంది. ఆమె సీటులో సగం ఇప్పుడే, ఆ లెక్కల పీరియడ్‌లోనే తేలిపోతుంది.

ఉర్దూ మీడియం పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉర్దూలోనూ ఉంటుంది. 2018 నుంచి ఉర్దూ చేరింది. భాష రాదని భయపడి దరఖాస్తు మానేయకండి. 1846లో హైదరాబాదులో మొదలైన వైద్య పాఠశాల, నేటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలం, ఉర్దూలోనే వైద్యం నేర్పింది. అయితే ఈ రోజు కోచింగ్ పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లిషులోనే ఉంటాయి కాబట్టి ఎనిమిదో తరగతి నుంచే ఇంగ్లిషు అలవాటు చేయాలి. 2016లో 71 పాఠశాలలతో మొదలైన మైనారిటీ గురుకులాలు ఈ పని ఉచితంగా చేస్తున్నాయి. సీట్లు ఉన్నప్పుడు వాటిని వాడుకోండి.

దాతలారా, ఇప్పుడు మీ ముందు మా విన్నపాలు మూడు.

ఒకటి, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ప్రతి ఆదివారం లెక్కలు, సైన్సు క్లాసు. టీచరుకు జీతం, గది, కరెంటు, ఒక బోర్డు, అంతే కావాలి. దీనికి ఫొటో పెట్టడానికి ఏమీ ఉండదు. ఫలితం నాలుగేళ్ల తర్వాత గాని కనిపించదు. అయినా ఇవ్వండి.

రెండు, ప్రతి వేసవిలో వారం రోజులు కాగితాల శిబిరం. ఆధార్, మెమో, కుల ధ్రువీకరణ, ఆదాయ పత్రం, స్టడీ సర్టిఫికెట్లు అన్నీ ఒకే పేరుతో ఉన్నాయా లేదా చూసి సరిచేయించడానికి. చదువుకున్న యువకులు రెండు గంటలు ఇస్తే చాలు.

మూడు, ఆ పాత నియమాన్ని కార్యవర్గం మార్చింది. ఈ ఏడాది నుంచి, నీట్‌లో సీటుకు దగ్గరగా వచ్చి ఆగిపోయిన పిల్లల్లో ముగ్గురికి, వారిలో కనీసం ఇద్దరు అమ్మాయిలు, ఒక ఏడాది కోచింగ్, హాస్టల్ ఖర్చు సొసైటీ భరిస్తుంది. ఒక్క ఏడాదే. రెండో ప్రయత్నంలోనూ రాకపోతే మూడోదానికి ఇవ్వం. అప్పుడు బీడీఎస్, హైదరాబాదులోని నిజామియా తిబ్బీ కాలేజీలో యునానీ, బీఎస్సీ నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ వంటి చదువులకు దారి చూపుతాం. డాక్టర్ కాలేదని పిల్లల వయసు, తల్లిదండ్రుల అప్పు రెండూ పెరగకూడదు. ఈ మాట మొదటి రోజే ఇంట్లో అందరి ముందు చెబుతాం.

జకాత్ సొమ్ము దీనికి వాడవచ్చా అని కొందరు అడిగారు. అది మేము తీర్పు చెప్పే విషయం కాదు. పట్టణ ఉలమాలను అడిగాం. వారు చెప్పిన షరతుల ప్రకారం జకాత్ లెక్క వేరుగా, సదఖా, విరాళాల లెక్క వేరుగా రాస్తాం. మీ సొమ్ము మా దగ్గర అమానత్. రిజిస్టరు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు.

ఇక నుంచి క్వాలిఫై అయిన పిల్లలకు శాలువాలు కప్పం. వాళ్ల ర్యాంకు కార్డు తీసుకొని, తల్లిదండ్రులను పక్కన కూర్చోబెట్టి, సీటు వస్తుందా రాదా, రాకపోతే ఏం చేయాలి అని మాట్లాడతాం. వచ్చే నోటు పుస్తకాల రోజు ఆ పాప మళ్లీ అడిగితే దుఆతో పాటు ఆదివారం క్లాసు సమయం కూడా చెప్పాలని మా కోరిక. ఆ క్లాసులో పాఠం చెప్పడానికి దర్జీ గారి అమ్మాయి ఒప్పుకుంది. మేము అడగడానికి సిగ్గుపడ్డాం. ఆమె మాత్రం వెంటనే సరే అంది.

అల్లాహ్ మన పిల్లల చదువుల్లో, మీ సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక. మా పొరపాట్లను మన్నించుగాక. ఆమీన్.