ద్వీపాంతరం పంపిన స్త్రీలు

(ఇబ్రహీంపట్నంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడి ఫెర్రీ రేవులో నిలబడితే కృష్ణ అవతలి ఒడ్డు కనిపిస్తుంది. ఈ రోజు నేను మాట్లాడబోయే స్త్రీలు దాటిన నీళ్ళకు అవతలి ఒడ్డు కనిపించదు. బ్రిటిష్ ప్రభుత్వం ఓడలెక్కించి అండమాన్‌కి పంపిన ఆడ ఖైదీలు వాళ్ళు.

ముందు ఒక ఇంగ్లీషు ఖైదీ సంగతి చెబుతాను. ఆమె పేరు మేరీ రీబీ. 1790లో, 13 ఏళ్ళ వయసులో, మగపిల్లవాడి వేషంలో గుర్రాన్ని దొంగిలించిందని 7 ఏళ్ళు ద్వీపాంతర శిక్ష వేశారు. 1792లో సిడ్నీ చేరింది. పెళ్ళయింది, ఏడుగురు పిల్లలు పుట్టారు. 1811లో భర్త పోయాక వ్యాపారం, ఓడలు అన్నీ తానే నడిపింది. 1994 నుంచీ ఆస్ట్రేలియా 20 డాలర్ల నోటు మీద ఆమె బొమ్మ ఉంది. ఆ దేశానికి పంపిన సుమారు 1,60,000 మంది ఖైదీల్లో 25,000 మంది దాకా స్త్రీలే. అందరూ మేరీలు కాలేదు. ఆ నేల అంతకుముందు ఎవరిదో కూడా నోటు చెప్పదనుకోండి, అది వేరే చర్చ.

మరి మన ఖైదీ స్త్రీల పేర్లు మనలో ఎవరికైనా తెలుసా? అండమాన్ అనగానే సెల్యులార్ జైలూ, రాజకీయ ఖైదీలూ గుర్తొస్తారు. మన్యం పోరాటం నుంచి గాం మల్లుదొర అక్కడికి వెళ్ళాడు. 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఆ గౌరవం న్యాయమైనదే. కానీ పోర్ట్ బ్లెయిర్ ఖైదీల స్థావరం 1858లో మొదలైంది, సెల్యులార్ జైలు కట్టింది 1896-1906 మధ్య. ఆ జైలు లేవకముందే అక్కడ ఆడ ఖైదీలున్నారు. ఎక్కువమందివి హత్య కేసులు. చనిపోయింది చాలాసార్లు భర్త, లేదా అప్పుడే పుట్టిన బిడ్డ.

ఆ బిడ్డ గురించి కాస్త ఆగి మాట్లాడుకోవాలి. 1881లో సూరత్‌లో విజయలక్ష్మి అనే బ్రాహ్మణ వితంతువుకు, పుట్టిన బిడ్డను చంపిందని ఉరిశిక్ష వేశారు. తర్వాత దాన్ని ద్వీపాంతర శిక్షగా, చివరికి అయిదేళ్ళ జైలుగా తగ్గించారు. ఈ కేసు మీద రేగిన దుమారానికి జవాబుగానే తారాబాయి షిండే 1882లో మరాఠీలో 'స్త్రీ పురుష తులన' రాసింది. అదే 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ పెళ్ళి మన పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. సూరత్ కోర్టు బోను ఎక్కలేదు. ఆ బోనులో విజయలక్ష్మి ఒక్కతే నిలబడింది. బిడ్డ తండ్రి పక్కన లేడు.

ఇక అండమాన్‌లో వీళ్ళకు పెట్టిన నిబంధనలు చూడండి. 1901 నాటి లెక్క ఇది. ఆడ ఖైదీ ఆడవాళ్ళ జైల్లోనే ఉండాలి. అయిదేళ్ళు గడిచాక బయటికి రావడానికి రెండే దారులు: ఎవరింట్లోనైనా పనికి కుదరడం, లేదా మగ ఖైదీని పెళ్ళాడటం. పెళ్ళయితే 15 ఏళ్ళకు భర్తతో కలిసి ద్వీపం విడవవచ్చు. అతని గడువు తీరకపోతే తీరేదాకా ఆగాలి. పెళ్ళి కాకపోతే 20 ఏళ్ళు.

అంటే భర్తను చంపిందని శిక్షించిన స్త్రీకి సర్కారు చూపించిన తలుపు మళ్ళీ భర్తే! ఆమె కాదనవచ్చు కదా అంటారు. కాదంటే అయిదేళ్ళు అదనం. దీన్ని సమ్మతి అందామా? మగ ఖైదీలు కుదురుగా స్థిరపడి కాలనీ నిలబడాలన్నది పాలకుల లెక్క, అందుకు ఆడది కావాలి. ఈ పెళ్ళిళ్ళలో కులం కట్టుబాట్లు సడలాయన్నది నిజమే, దాన్ని నేను తక్కువ చేయను. అయితే అక్కడ అందరూ మాట్లాడుకున్న భాష హిందుస్తానీ. ఆమె తన భాషలో ఏం చెప్పుకుందో మనదాకా రాలేదు.

1956 జనవరి 1 నుంచి చట్టంలో 'ద్వీపాంతరం' అన్నచోట 'యావజ్జీవ ఖైదు' వచ్చింది. మాట మారింది.

కొన్నేళ్ళ కిందట పరిశోధన కోసం ఒక స్త్రీల హోముకు వెళ్ళాను. రిజిస్టరులో 'ఎవరికి అప్పగించడమైనది' అని ఒక గడి. తండ్రి, భర్త, అన్న, మళ్ళీ భర్త. ఒక మేజరు స్త్రీ తన కాళ్ళ మీద తాను వెళ్ళిపోతానంటే ఏం రాస్తారని అడిగాను. "అట్లా పంపం మేడం, ఎవరో ఒకరు రావాలి," అంది వార్డెన్. మీరు పనిచేసే ఊళ్ళలో హోములకు వెళ్ళినప్పుడు ఆ రిజిస్టరు అడిగి చూడండి. ఆ గడిలో ఏం రాశారో రాసుకుని రండి, వచ్చే సమావేశంలో అదే ముందు పెట్టుకుందాం.