భవానీ ద్వీపంలో ఏది ఎక్కాలి? ఏది మానాలి?



సెలవులొచ్చాయంటే బెజవాడలో కాపురం ఉన్నవాళ్లకు చుట్టాల తాకిడి మామూలే గదా! అమ్మవారి దర్శనం అయిపోయాక, బ్యారేజీ మీద కాసేపు నించుని గాలి పీల్చుకున్నాక, పిల్లలు అడిగేది ఒక్కటే. భవానీ ద్వీపం ఎప్పుడు తీసుకెడతారని. తీసుకెళ్లడం ఏమంత కష్టం కాదు. అక్కడ దిగాకనే ఇల్లాలికి తల తిరుగుతుంది. ఒకడు స్పీడుబోటు అంటాడు, ఒకతె తీగ మీద సైకిలు తొక్కుతానంటుంది, చంటిది జారుడుబల్ల వదలదు, అత్తగారు "కాస్త నీడ చూపించవే అమ్మా" అంటారు. ఆయనగారు జేబు తడుముకుంటూ "నువ్వే ఏదో ఒకటి చూడు" అని తప్పుకుంటారు. ఆ చూడడం ఎలాగో ఇవాళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

పొరుగూరి శ్రోతలకు తెలియకపోవచ్చు గనక చెబుతున్నాను. ద్వీపమని పెద్ద పేరు పెట్టారుగాని, మన భాషలో అది లంక. కృష్ణ ఒండ్రు మేటవేసి కట్టిన సుమారు 133 ఎకరాల నేల. ప్రకాశం బ్యారేజీకి ఎగువన ఉంది. 1957లో బ్యారేజీ కట్టడం పూర్తయ్యాక, ఆ 70 గేట్ల వెనుక నీళ్లు చెరువులాగా నిలబడ్డాయి. ఆ నిలకడ వల్లనే మనం పడవలో కాళ్లు జాపుకుని, ఇంద్రకీలాద్రిని చూసుకుంటూ హాయిగా వెళ్లగలుగుతున్నాం. అయితే పైనుంచి వరద దిగిందా, గేట్లు ఎత్తేస్తారు. నిన్నటి చెరువు ఇవాళ పరుగెత్తే ఏరు అయిపోతుంది.

అంచేత నన్నడిగితే, ఏ ఆట ఎక్కాలన్నది రెండో ప్రశ్న. ఏ రోజు వెళ్లాలన్నది మొదటిది. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో బయల్దేరే ముందు వార్తలు వినండి. బ్యారేజీ దగ్గర 3 లక్షల 97 వేల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5 లక్షల 69 వేలు దాటితే రెండోది. 2009 అక్టోబరులోనూ, మళ్లీ 2024 సెప్టెంబరులోనూ 11 లక్షలు దాటింది. 2024లోనైతే కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్లకే గుద్దుకున్నాయి. 2019 ఆగస్టులోనూ ద్వీపం మునిగింది. హెచ్చరిక దాకా రాకపోయినా, గేట్లు ఎత్తారని వింటే చాలు, ప్రయాణం వాయిదా వేసుకోవడమే. పిల్లలు ఏడుస్తారు, ఏడవనివ్వండి. దసరా ఆఖరి రోజున తెప్పోత్సవానికి సిద్ధం చేసిన అమ్మవారి హంసవాహనమే, వరద ఉద్ధృతంగా ఉన్న ఏళ్లలో నదిలోకి కదలకుండా ఘాటు దగ్గరే ఆగింది. అమ్మవారే ఆగినప్పుడు మనం ఆగితే చిన్నతనమా?

ఎండాకాలం సంగతి సరేసరి. మే నెల మధ్యాహ్నం ఇనుప జారుడుబల్ల మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టడమంటే పెనం మీద కూర్చోబెట్టడమే. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి రోజులు. ఆదివారం కాకపోతే మరీ మంచిది.

ఇక పడవ. కార్తీకమాసం అనగానే నాకు 2017 నవంబరు 12 గుర్తొస్తుంది. అదీ ఆదివారమే. ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం చూడడానికి సాయంకాలం వెళ్తున్న పడవ ఒకటి బోల్తాపడి ఇరవైమందికి పైగా పోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవాళ్లు. ఆ పడవకు అనుమతి లేదు, ఎక్కినవాళ్లకు లైఫ్ జాకెట్లు లేవు. అంచేత రేవులో ఎవరో చెయ్యిపట్టి పిలిచి "అమ్మా, ఇటు రండి, తక్కువకే తీసుకెడతాం" అంటే కదలకండి. పున్నమి ఘాటు దగ్గర టూరిజం వాళ్ల టిక్కెట్టు కిటికీ ఎక్కడుందో అడిగి, టిక్కెట్టు చేతికి తీసుకుని మరీ ఎక్కండి. జనం ఎక్కువగా ఉంటే ఆ పడవను పోనిచ్చి తరువాతది ఎక్కండి. పది నిమిషాల్లో మునిగిపోయేదేమీ లేదు.

జాకెట్టు సంగతి మనవాళ్లలో చాలామందికి బొత్తిగా పట్టదు. పట్టుచీర నలుగుతుందని కొందరు ఒళ్లో పెట్టుకు కూర్చుంటారు! అది తలగడ కాదు. పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. పెద్దవాళ్ల జాకెట్టు పిల్లవాడికి తొడిగితే నీళ్లలో జాకెట్టు పైకి తేలుతుంది, పిల్లవాడు కిందికి జారిపోతాడు. తొడిగి, పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా వచ్చిందా, అది వాడికి పనికిరాదు. చిన్న సైజు అడగండి. లేదంటే ఆ పడవ ఎక్కకండి. ఇందులో మొహమాటం ఏమీ వద్దు. పక్కవాళ్లు నవ్వితే నవ్వుతారు.

సరే, ఒడ్డు చేరాం. ఇప్పుడు ఆటల మాట. పడవ టిక్కెట్టుతో పని అయిపోదు, ఆటలకు వేరే చెల్లించాలి. వరదలొచ్చి పోయే చోటు గనక, కిందటేడు ఉన్న ఆట ఈ ఏడు ఉంటుందని నమ్మకం లేదు. అంచేత పిల్లలకు ఇంటి దగ్గరే "అది ఎక్కిస్తా, ఇది ఎక్కిస్తా" అని మాటివ్వకండి. దిగాక ముందు ఒక్క చుట్టు ఊరికే తిరిగి, ఏవి నడుస్తున్నాయో, ఎంతెంతో చూసుకోండి. ఎక్కించే మనిషి పక్కనే నించుని పట్టీ తానే బిగిస్తున్నాడా, ఎక్కడో కూర్చుని బీడీ కాల్చుకుంటూ "మీరే పెట్టుకోండి" అంటున్నాడా, అది కూడా ఆ చుట్టులోనే తెలిసిపోతుంది. తీగ మీద వెళ్లే ఆటలకు ఇది మరీ ముఖ్యం.

స్పీడుబోటు మీద నా అభిప్రాయం చెబితే కుర్రకారుకు కోపం వస్తుందేమో. అది నిమిషాల ముచ్చట. డబ్బు నీళ్లలాగా పోతుంది, నీళ్లు మన మొహాన పడతాయి. నడుంనొప్పి ఉన్నవాళ్లు, నెల తప్పిన అమ్మాయిలు దాని జోలికి పోవద్దు, ఆ కుదుపు మంచిది కాదు. అదే డబ్బుతో ఇంటిల్లిపాదీ నెమ్మదిగా వెళ్లే పెద్ద పడవలో ఇంకో చుట్టు తిరిగితే బ్యారేజీ గేట్లు లెక్కపెట్టుకోవచ్చు, కొండ మీద గుడి కనబడుతుంది, తాతయ్య చెప్పే పాత పుష్కరాల కబుర్లు వినొచ్చు. కాని పధ్నాలుగేళ్ల కుర్రాడికి ఈ మాట చెప్పి లాభం లేదు. వాడికి కావలసింది తాతయ్య కబుర్లు కాదు.

దానికొక ఉపాయం ఉంది. మా వీధిలో ఒకావిడ చేస్తుంటే చూసి మెచ్చుకున్నాను. బయల్దేరేటప్పుడే ఒక్కొక్క పిల్లకు ఇంత అని చేతికిచ్చేస్తుంది. ఆ డబ్బుతో స్పీడుబోటు ఒక్కసారి ఎక్కుతారో, చిన్న ఆటలు నాలుగు ఆడుకుంటారో వాళ్లిష్టం. మిగిలితే వాళ్లదే. పెద్దాళ్ల పర్సయితే అన్నీ కావాలి, తమ జేబయితే ఆలోచన పుడుతుంది. వాళ్ల పెద్దవాడు పావుగంట లెక్కలు కట్టి, చివరికి స్పీడుబోటు మాని చెల్లెలితో సైకిలు ఎక్కాడు. వాడు ఇంట్లో పాల లెక్క కూడా రాయని పిల్లవాడు!

ఈ చిక్కు మన బెజవాడకే కాదు లెండి. సింగపూరులో సెంతోసా అని ఒక విహార ద్వీపం ఉంది. మలయా భాషలో ఆ మాటకు శాంతి అని అర్థమట. 1972లో పెట్టిన పేరు. మనవాళ్ల పిల్లలు బోలెడుమంది అక్కడ ఉద్యోగాల్లో ఉన్నారు గనక తల్లిదండ్రులు కూడా వెళ్లి చూసి వస్తున్నారు. 2010 నుంచి అక్కడ యూనివర్సల్ స్టూడియోస్ వారి పెద్ద ఆటల తోట నడుస్తోంది. దేని టిక్కెట్టు దానిదే, ఒక్కరోజులో అన్నీ చూడడం ఎవరి తరమూ కాదు. అయితే నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. పెద్ద ఆటల దగ్గర ఎత్తు కొలిచే గుర్తు ఉంటుంది. పిల్లవాడి తల ఆ గీతకు అందకపోతే ఎంత ఏడ్చినా ఎక్కించరు. అమ్మ కాదనక్కర్లేదు, గీతే కాదంటుంది. గీత కనబడని చోట ఆ గీత మనమే అవ్వాలి, చెడ్డపేరూ మనకే.

ఇంకొక్క మాట. ఇలాంటి చోట్ల ఎక్కడ చూసినా ఒక ఆడమనిషి చెట్టుకింద సంచుల కుప్ప మధ్య కూర్చుని ఉంటుంది. చెప్పులు, తువ్వాళ్లు, ఫ్లాస్కు, కళ్లజోళ్లు, ఎవరి ఫోన్లు వాళ్లవి, అన్నీ ఆవిడ ఒళ్లోనే. తెల్లవారుజామున లేచి పులిహోర కలిపిందీ ఆవిడే. ఇంటికొచ్చాక "ఎలా ఉందమ్మా ద్వీపం?" అంటే ఆవిడ చూసింది ఆ చెట్టు ఒక్కటే. అంచేత ఆటల లెక్క వేసేటప్పుడు మీ పేరు కూడా అందులో రాసుకోండి. జారుడుబల్లే ఎక్కాలని నేననడం లేదు. ఒక చుట్టు పడవ అయినా సరే, ఏటి ఒడ్డున అరగంట నడక అయినా సరే. ఆ కాసేపు సంచులు ఆయనకు అప్పజెప్పండి. సంచులు ఎక్కడికీ పోవు, ఆయనా ఎక్కడికీ పోరు.

అత్తగారికి మోకాళ్ల నొప్పులుంటే, పడవలోకి దిగే మెట్ల దగ్గర ఒకరు ముందు, ఒకరు వెనుక ఉండి దించండి. తడి మెట్టు మీద ఒక్క చెయ్యి చాలదు. లంకలో దిగాక నీడా, బెంచీ, దగ్గర్లో స్నానాలగది, ఈ మూడూ ఉన్న చోట చాప పరవండి. మిగతావాళ్లు ఎక్కడ తిరిగినా తిరిగి రావలసిన గుర్తు అదే. చంటిపిల్ల ఆటలు పొద్దున్నే అయిపోవాలి, భోజనమయ్యాక వాళ్లకు నిద్రొస్తుంది, చిరాకు మొదలవుతుంది. పెద్దపిల్లల ఆటలు ఎండ తగ్గాక. అన్నిటికంటే ముందు, దిగీ దిగగానే తిరుగు పడవల్లో ఆఖరిది ఎన్నింటికో అడగండి. ఆఖరి దానికోసం ఆగకండి, దానికి ముందుది ఎక్కండి. ఆఖరి పడవకు అందరూ ఒక్కసారే తోసుకొస్తారు.

దద్ధోజనంలో అల్లం ముక్కలు కాస్త ఎక్కువ వెయ్యండి. మజ్జిగ మరచెంబులో పోసుకోండి, గాజుసీసాలు వద్దు. ఇంక సెలవు.