భయపడ్డానని రాయలేదు

2020 మార్చిలో మా కరీంనగర్ గుర్తుంది కదా? ఇండోనేషియా నుంచి వచ్చినవాళ్లకు కరోనా అని తేలగానే ముకరంపుర దిక్కు బారికేడ్లు పెట్టి, ఇంటింటికీ తిరిగి జ్వరం ఉందా అని అడిగిన్రు.

తర్వాత లాక్‌డౌన్‌లో నాకు వాట్సాప్‌ల ఒక సర్వే లింక్ వచ్చింది. అందులో 'కరోనా భయం స్కేల్' ఉంది. ఇరాన్‌లో తయారైంది, ఏడే ప్రశ్నలు. కరోనా అంటే అరచేతులకు చెమట పడుతుందా, నిద్ర పడుతలేదా, గుండె దడదడ అంటుందా... ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 35.

నేను అన్నిటికీ 1 కొట్టిన. పేరు కూడా అడగలేదు, అయినా భయమంటే పరువు పోతదనిపించింది. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో రాత్రి రెండింటి దాకా టీవీల కేసుల లెక్కే చూసేది.

ఉట్నూరు దోస్తుకు ఈ ముచ్చట చెప్తే నవ్విండు. "నువ్ అబద్ధమైనా రాసినవ్. మా అమ్మమ్మకు గోండి తప్ప రాదు, ఫోన్ లేదు. ఆమె భయం ఎవరు రాసుకోవాలె?"

నిజమే కదా! లింక్ పంపితే మనలాంటి ఫోనున్నోళ్లే దొరుకుతరు. దొరికినోళ్లు కూడా నాలెక్క 1 కొడితే, ఇక్కడ ఎవరికీ కౌన్సెలింగ్ అక్కర్లేదని లెక్క తేలుతది. ఇష్టం లేకపోతే సర్వే మధ్యలో ఆపేయొచ్చు, మనల్ని ఎవరూ అడగరు. నేను అదన్నా చేయాల్సింది.

మొన్న ఆ రోజులు యాది చేసుకుని మళ్లీ నింపిన. 26 వచ్చింది.