మహమ్మారి కాలంలో మన కాలేజీ పిల్లలు



2020 మార్చిలో షూటింగులు ఆగిపోయినాయి. ఫిల్మ్‌నగర్ బస్తీల్లో లైట్‌మన్లు, జూనియర్ ఆర్టిస్టులు, డ్రైవర్లు పని లేక ఇంట్లో కూర్చున్నారు. చిరంజీవి గారు పూనుకొని పెట్టిన కరోనా క్రైసిస్ ఛారిటీ ద్వారా సినీ కార్మికులకు సరుకులు అందినవి. అది మెచ్చుకోవలసిన పనే. మరి ఆ ఇళ్ళలోని డిగ్రీ పిల్లలు? ఒకే గది, ఒకే ఫోను. దానిలోనే అన్నకు క్లాసు, చెల్లెలికి క్లాసు. రీచార్జికి డబ్బులడుగుదామంటే తండ్రి ముఖం చూసి నోరాడేది కాదు. జూబ్లీహిల్స్ మేడల్లో లాప్‌టాపులున్నా ఒంటరితనం తప్పలేదనుకోండి, అది వేరే మాట.

ఆ ఏడాది నవంబరులోనే, ఢిల్లీలో చదువుకునే మన తెలంగాణ బీదింటి బిడ్డ ఒకతె ప్రాణం తీసుకున్నది. లాప్‌టాపు లేదు, స్కాలర్‌షిప్పు అందలేదు, ఇంటికి బరువయ్యానన్న దిగులు.

2021 ఫిబ్రవరిలో కాలేజీలు తెరిచి, మార్చిలో మళ్ళీ మూసినారు. అప్పుడు ముడుచుకుపోయిన పిల్లలను మనం సోమరులన్నాం.

ఫీజు సాయానికి వచ్చిన పిల్లవాణ్ణి మార్కులెన్ని అని అడుగుతాం. నిద్ర పడుతున్నదా, అన్నం తింటున్నావా అని కూడా అడుగుదాం. 2022 అక్టోబరు నుండి టెలి మానస్ అనే ఉచిత ప్రభుత్వ సేవ ఉన్నది. నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు. దరఖాస్తు ఫారం మీద ఆ నంబరు అచ్చు వేయించమని కార్యదర్శిగారిని కోరుతున్నాను.