క్షౌరపు సబ్బు: దాని నురుగు, దాని పరిమళము
(బెంగుళూరులోని మన పాఠశాలలో తల్లిదండ్రుల దినోత్సవ సందర్భమున చేసిన ఉపన్యాసపు పాఠము)



ఇట్టి దినమున మాట్లాడువారు సామాన్యముగ విద్యాశయములను గూర్చియో, శీలమును గూర్చియో ప్రసంగింతురు. నేనెన్నుకొన్న విషయము క్షౌరపు సబ్బు. ఈ మాట వినగనే వెనుక వరుసలలో కొందరు చిరునవ్వు నవ్వుచున్నారు. నవ్వుటలో తప్పు లేదు. కాని మన పై తరగతుల బాలురలో అనేకులకు రెండు మూడేండ్లలో నూనూగు మీసములు వచ్చును. ఆనాడు వారి చేతికి కత్తి యెవరు ఇత్తురు? చెంపకు రాయునది యెట్టిదో యెవరు చెప్పుదురు? తండ్రి చెప్పనిచో ప్రకటనలే చెప్పును. తమ సరకు అమ్ముడుపోవుటయే వాని కోరిక. బిడ్డ చర్మమును గూర్చిన చింత ఇంటివారిది. కావున ఈ చిన్న విషయమును కొంత రసాయన శాస్త్రముతో జోడించి మీ ముందుంచుచున్నాను.

మన గ్రామములలో క్షురకుని పొదిలో కత్తి, సానరాయి, నీళ్ల గిన్నె, పటికముక్క ఉండెడివి. ఆయన కత్తి తీయుటకు ముందు చెంపలను నీటితో చాలసేపు మర్దించెడివాడు. ఆ మర్దనలో గొప్ప శాస్త్రము కలదు. వెంట్రుక కెరాటిన్ అను ప్రోటీనుతో ఏర్పడినది. అది నీటిని పీల్చుకొని ఉబ్బి మెత్తబడును. ఎండిన వెంట్రుకను కోయుటకు కావలసిన బలము తడిసిన వెంట్రుకకు అక్కరలేదు. కాని ఉత్త నీరు చెంపపై నిలువక జారిపోవును, ఆరిపోవును. నీటిని పట్టి నిలుపుటయు, కత్తి జారుటకు నునుపు కల్పించుటయు సబ్బు చేయు పనులు. నురుగు అనగా సబ్బు పొరలలో చిక్కిన గాలియు నీరును మాత్రమే.

అట్లయినచో స్నానపు సబ్బే చాలదా యని అడుగవచ్చును. చాలదు. నూనెలోని కొవ్వు ఆమ్లము క్షారముతో కలిసినపుడు సబ్బు పుట్టును. ఈ మర్మమును 19వ శతాబ్దపు తొలి దశకములలో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రల్ విడదీసి చూపెను. క్షారము కాస్టిక్ సోడా అయినచో గట్టి సబ్బు వచ్చును. అది స్నానపు బిళ్ల. కాస్టిక్ పొటాష్ అయినచో నీటిలో సులభముగ కరగు మెత్తని సబ్బు వచ్చును. క్షౌరపు సబ్బులో పొటాష్ ప్రధానముగ ఉండును. గట్టిదనము కొరకు కొందరు కొంచెము సోడాను కూడ చేర్చుదురు.

ఇక కొవ్వు సంగతి. కొబ్బరినూనెలో లారిక్ ఆమ్లము హెచ్చు. అది చటుక్కున పెద్ద బుడగల నురుగునిచ్చును గాని, ఆ నురుగు త్వరగా అణగిపోవును. అధికమైనచో చర్మమును పొడిబార్చును. స్టియరిక్ ఆమ్లపు నురుగు నెమ్మదిగ లేచినను, మీగడవలె దట్టముగ నుండి చెంపపై చాలసేపు నిలుచును. పాశ్చాత్య దేశములలో దీని కొరకు పశువుల కొవ్వును వాడుట పూర్వాచారము. శాకాహారులకు మార్గము లేకపోలేదు. పడమటి కనుమలలో కాయు కోకమ్ గింజల కొవ్వులో సగమునకు పైగా స్టియరిక్ ఆమ్లమే. మామిడి జీడి కొవ్వులోను, ఆఫ్రికా దేశపు షియా కొవ్వులోను అది దండిగ కలదు. పెట్టెపై పదార్థముల పట్టికను చదువ నేర్చిన బాలుడు, స్టియరిక్ ఆమ్లమును పొటాషును మొదటి వరుసలో చూచినపుడు ఇది క్షౌరమునకు తగినదని తానే గ్రహింపగలడు.

ఈ సబ్బు చరిత్రయు ఆసక్తికరమైనది. లండనులో 1805లో ట్రూఫిట్ అను క్షౌరశాల వెలసెను. అట్టి శాలలు తమ గిరాకీల కొరకు సబ్బులను, పరిమళములను తయారుచేసి అమ్మెడివి. ఇటలీలోని మిలాను నగరపు చెల్లా సబ్బు 1899 నాటిది. దాని వాసన చేదు బాదముది. 1903లో అమెరికాలో జిలెట్ భద్రపు కత్తి అమ్మకమునకు వచ్చినపుడు ఆ యేడు అమ్ముడైనవి 51 కత్తులు, 168 బ్లేడులు మాత్రమే. మరుసటి యేట ఆ సంఖ్య వేలకు వేలుగ పెరిగెను. క్షౌరము అంగడి విడిచి ఇంటికి వచ్చెను. దానివెంట సబ్బు గిన్నెయు, బ్రష్షును వచ్చెను. 1949 ప్రాంతమున నొక్కగనే నురుగు చిమ్ము డబ్బాలు అమెరికాలో బయలుదేరినవి. తీరిక లేనివారికి అవి నచ్చినవి. గిన్నెలు, బ్రష్షులు క్రమముగ అటకలెక్కినవి.

అయినను ఆ పద్ధతి అంతరింపలేదు. ఈ 21వ శతాబ్దమున అమెరికాలోను ఐరోపాలోను చిన్న చిన్న కుటుంబములు, ఇద్దరు ముగ్గురు పనివారు, ఒక వంటగదియంత స్థలములో మరల ఈ సబ్బును కాచుచున్నారు. ఆర్కన్సాస్ రాష్ట్రపు స్టర్లింగ్, ఫ్రాన్సులోని మార్తాన్ ద కాంద్ర్ మొదలగు పేర్లు ఈ అభిరుచి గలవారందరు ఎరిగినవే. పెద్ద కార్ఖానాలలో అనేకము సబ్బునుండి గ్లిసరినును వేరుచేసి ఇతర పనులకు అమ్ముకొనును. చిన్న కుటీరమున గ్లిసరిను సబ్బులోనే నిలిచిపోవును; అది తేమను పట్టియుంచును. క్షారమునకు సరిపడుదానికంటె కొంచెము కొవ్వు హెచ్చుగ వేయుట వారి మరియొక మెలకువ. అందుచే సబ్బులో ఘాటైన క్షారము మిగులదు.

ఇక పరిమళము. కొనువారిని మొదట ఆకర్షించునది ఇదియే. మోసమునకు తావిచ్చునదియు ఇదియే. క్షౌరశాల వాసన యని పాశ్చాత్యులు చెప్పుకొను పరిమళమునకు ఫుజేర్ అని పేరు. ఆ ఫ్రెంచి మాటకు ఫెర్ను మొక్క యని అర్థము. చిత్రమేమనగా ఫెర్నుకు చెప్పుకోదగిన వాసనయే లేదు. 1882లో హూబిగాఁ అను పారిసు సంస్థ లావెండరును, ఓకు చెట్టుపై పెరుగు నాచును, కుమరిన్ అను ద్రవ్యమును కలిపి ఊహాజనితమైన అడవి వాసనను సృష్టించెను. కుమరిన్ ఎండుగడ్డి వాసన గలది. దానిని 1868లో పెర్కిన్ ప్రయోగశాలలో తయారుచేసెను. కరీబియను దీవులలో బే చెట్టు ఆకులను రమ్ముతో బట్టీపెట్టి తీయు బే రమ్ములో మన లవంగము వాసన తోచును. రెండింటిలోను యూజెనాల్ అను ద్రవ్యమే ప్రధానము.

అత్తరును సబ్బులో కలుపుట అంత తేలిక కాదు. క్షారపు సబ్బులో కొన్ని సువాసనలు విరిగిపోవును. మల్లెజాతి వాసనలలోని ఎస్టరులు అట్టివి. నిమ్మజాతి వాసనలు త్వరగ ఎగిరిపోవును. వెనీలా వాసననిచ్చు వెనిలిన్ సబ్బును గోధుమవర్ణమునకు త్రిప్పును. లవంగతైలము వేయగనే సబ్బు కొన్ని సమయములలో గిన్నెలోనే బిగిసిపోవును. ఇన్నింటిని సమాధానపరచి, మాసములు గడచినను మొదటినాటి పరిమళమును నిలుపగలుగుటయే చేతిపనివాని నేర్పు. మనము హెచ్చు వెల యిచ్చునది ఆ నేర్పునకు అయినచో న్యాయమే. రంగు కాగితమునకు అయినచో నష్టమే.

మన భాగ్యమేమనగా ఈ పరిమళములలో ఘనమైనవి మన చుట్టునే కలవు. 1914లో ప్రపంచయుద్ధము రాగా మైసూరు చందనము ఐరోపాకు ఎగుమతి యగుట నిలిచిపోయెను. అప్పుడు నాల్వడి కృష్ణరాజ ఒడయరు పాలనలో, విశ్వేశ్వరయ్యగారు దివానుగ నుండగా, 1916లో మైసూరున చందనతైలపు కార్ఖానా వెలసెను. పిదప ఈ బెంగుళూరున సబ్బు కార్ఖానా ఏర్పడెను. నేడు మెట్రో రైలు నిలయమొకటి ఆ కార్ఖానా పేరనే యున్నది. వట్టివేరు వాసన మన వేసవి తడకలకు క్రొత్త కాదు. అదియే పాశ్చాత్య క్షౌరపు సబ్బులలో గౌరవస్థానము నందినది. మన పూలదండలలోని దవనము నూనెగ మారి విదేశములకు పోవుచున్నది. ఒడిశాలోని గంజాం జిల్లాలో మొగలిపూలను బట్టీపెట్టి తైలము తీయుదురు. ఆ సీమలో మనవారు తరతరములుగ స్థిరపడియున్నారు.

కాని చందనమును గూర్చి ఒక మాట. ఆ చెట్టు పక్క చెట్ల వేళ్లనుండి ఆహారము గ్రహించి పెరుగును. చేవలో తైలము నిండుటకు దశాబ్దములు పట్టును. అతిగ నరకుటచేతను దొంగతనముచేతను అడవి చందనము క్షీణించినది. 1998లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘమువారు దానిని ప్రమాదమున నున్న జాతులలో చేర్చిరి. పూర్వము ఈ రాష్ట్రమున చందనపు చెట్టు ఎవరి నేలలో మొలచినను ప్రభుత్వముదే. 2001లో చట్టము సవరింపబడి నేలగలవానికి చెట్టుపై హక్కు వచ్చినది. కావున మిక్కిలి చౌకగ వచ్చు చందనపు సబ్బులో నిజమైన చందనతైలము ఎంత యుండునో మీరే ఊహింపవచ్చును. కృత్రిమ ద్రవ్యము వాడుట దోషము కాదు; దానిని దాచుట దోషము.

ప్రకృతిసిద్ధమైనదెల్ల నిరపాయమను భ్రమయు వలదు. నేను చెప్పిన ఓకు నాచులో అట్రనాల్, క్లోరోఅట్రనాల్ అను రెండు ద్రవ్యములు కొందరికి తీవ్రమైన దురదను దద్దురులను కలిగించును. ఐరోపా సమాఖ్య 2017లో వానిని నిషేధించి, 2021 నాటికి అంగళ్లనుండి తొలగింపజేసెను. లావెండరులోని లినలూల్, నిమ్మలోని లిమొనీన్ కూడ గాలి సోకి మారినపుడు కొందరి చర్మమునకు సరిపడవు. గడ్డము గీసిన చర్మము సూక్ష్మముగ గీరుకొనియుండును గనుక అచ్చట జాగ్రత్త రెట్టింపు కావలెను. క్రొత్త సబ్బును ముందు మోచేతి లోపలివైపున కొద్దిగ రాచి, ఒకటి రెండు దినములు చూచి, పిదప ముఖమునకు వాడుట మేలు. మొటిమలు గల బాలునకు పరిమళము లేని సబ్బే మంచిది.

చివరగ తల్లిదండ్రులకు నాలుగు మనవులు. మొదటిది నీరు. గొట్టపుబావుల నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణములు హెచ్చుగ నుండును. అవి సబ్బును తెట్టుగ మార్చి నురుగును చంపును. సబ్బును నిందించుటకు ముందు వాననీటితోనో శుద్ధి చేసిన నీటితోనో ఒకసారి చూడుడు. రెండవది ఓపిక. గోరువెచ్చని నీటితో రెండు మూడు నిమిషములు గడ్డమును తడిపి, బ్రష్షును సబ్బుపై అర నిమిషము త్రిప్పి, కొంచెము కొంచెము నీరు చేర్చుచు నురుగు కట్టవలెను. కత్తిని వెంట్రుక మొలచిన దిశనే, ఒత్తక నడుపవలెను. మూడవది కత్తి. అన్నదమ్ములైనను, తండ్రికొడుకులైనను బ్లేడును పంచుకొనరాదు. కంటికి కనబడని రక్తపు బిందువు చేత హెపటైటిస్ వంటి కామెర్ల వ్యాధులు సంక్రమింపగలవు. క్షౌరశాలలోను క్రొత్త బ్లేడు అడుగుటకు బిడ్డకు సంకోచము ఉండరాదని నేర్పుడు.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యము. ఈ ప్రసంగము విని ఏ బాలుడైనను ఇంట సబ్బు కాచుటకు ఉత్సాహపడవచ్చును. ఉత్సాహము మంచిదే. కాని కాస్టిక్ పొటాష్ కంటిలో పడినచో చూపు పోవును. 100 గ్రాముల స్టియరిక్ ఆమ్లమునకు సుమారు 20 గ్రాముల శుద్ధమైన పొటాష్ సరిపోవును. ఒక్కొక్క నూనెకు ఒక్కొక్క లెక్క. ఆ లెక్క తప్పినచో సబ్బే చర్మమును కాల్చును. కావున కంటి అద్దములు, చేతి తొడుగులు ధరించి, ఉపాధ్యాయుని ఎదుట, ప్రయోగశాలలోనే ఆ పని జరుగవలెను. పొటాషును నీటిలో వేయవలెను గాని నీటిని పొటాషుపై పోయరాదు.

ఈ పాఠశాలలో మన బిడ్డలు చదువు రసాయన శాస్త్రము పరీక్ష వ్రాసి మరచిపోవుటకు కాదు. అద్దము ముందు నిలిచిన ప్రతి ఉదయమున అది వారికి తోడు రావలెను. మీసము వచ్చు వేళ బిడ్డలు సిగ్గుపడి తండ్రికి దూరముగ తొలగుదురు. ఆ వేళ ఒక గిన్నెడు నురుగు కలిపి యిచ్చి, కత్తి పట్టు విధము చూపు తండ్రి, ఆ దూరమును కొంత తగ్గించినవాడగును. తండ్రి లేని ఇంట తల్లియో, మేనమామయో, మన ఉపాధ్యాయుడో ఆ పని చేయవచ్చును. దానికి పట్టునది పది నిమిషముల కాలమే.