అద్దె ఇంటి లెక్క మనమే వ్రాయాలి

(విజయవాడలో రైల్వే, తపాలా ఉద్యోగుల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేతనం, కరువు భత్యం, బోనసు, పింఛను - ఈ నాలుగింటిని గురించి మన సభలలో విస్తారంగా చర్చలు జరుగుతూనే ఉన్నవి. కాని నెల మొదటి వారంలోనే జీతంలో పెద్ద భాగాన్ని పట్టుకుపోయే ఇంటి అద్దె విషయంలో ప్రతి ఉద్యోగీ ఒంటరిగానే తంటాలు పడవలసి వస్తున్నది. మంచి వాటా దొరికితే అదృష్టమనీ, దొరకకపోతే తలరాత అనీ సరిపెట్టుకొనటం అలవాటైపోయినది. ఇల్లు వెదకుకొనటం తలరాతకు సంబంధించిన వ్యవహారం కాదు. అది వేతన సమస్యలో విడదీయరాని భాగం. దానిని సంఘబలంతో ఎదుర్కొనే మార్గం ఒకటున్నదని మనవి చేయటానికే ఈ నాలుగు మాటలు.

మనమున్న ఈ విజయవాడనే ఉదాహరణగా తీసుకుందాం. ఇది పెద్ద రైల్వే జంక్షను, డివిజను కేంద్రం. తపాలా శాఖకూ ముఖ్య స్థానం. శ్రీకాకుళం నుండీ, రాయలసీమ జిల్లాల నుండీ మొదటి నియామకం మీద ఇక్కడకు వచ్చే యువతీయువకులు ఎందరో ఉన్నారు. 2014లో రాష్ట్ర విభజన జరిగి, రాజధాని పనులు ఈ ప్రాంతానికి వచ్చిన తరువాత ఇక్కడి అద్దెలు ఒక్కసారిగా పెరిగిన సంగతి మనందరికీ అనుభవమే. మొగల్రాజపురం, పటమట వైపు సామాన్య ఉద్యోగి తొంగిచూడలేడు. స్టేషనుకు దగ్గర కదా అని సత్యనారాయణపురం వెళ్ళితే అక్కడా చేతికందదు. వెదకి వెదకి చివరకు సింగ్ నగర్, పాయకాపురం వైపు నడుస్తాడు.

అద్దె ఒక్కటే అడ్డంకి అయితే ఎంతోకొంత సర్దుకొనవచ్చు. గుమ్మంలో అడుగు పెట్టగానే వచ్చే మొదటి ప్రశ్న "మీరేవాళ్ళు?" అని. రెండవది మాంసం వండుకుంటారా అని. మూడవది డ్యూటీ వేళల గురించి. తెల్లవారుజామున రెండు గంటలకు బండి ఎక్కవలసిన లోకో పైలట్‌కు, రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చే ఆర్.ఎం.ఎస్. సార్టర్‌కు గేటు తీయటం ఇంటివారికి కష్టంగా తోస్తుంది. ఒంటరి మహిళా ఉద్యోగికైతే "కుటుంబాలకే ఇస్తాము" అనే సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఇవన్నీ దాటిన తరువాత బ్రోకరు కమీషను, అడ్వాన్సు, మెయింటెనెన్సు, నీళ్ళ మోటారు ఖర్చు, సబ్ మీటరు మీద ఇంటివారు నిర్ణయించిన యూనిట్ ధర వరుసగా వచ్చి పడతాయి. బోర్డు మీద చూసిన అద్దె వేరు, నెలాఖరుకు చెల్లించే మొత్తం వేరు.

ఇప్పుడు లెక్క చూద్దాం. 7వ వేతన సంఘం వేతనాల ప్రకారం మొదటి లెవెల్‌లో చేరే ఎం.టి.ఎస్. లేక ట్రాక్ మెయింటెయినర్ మూల వేతనం 18,000 రూపాయలు. పోస్ట్‌మన్‌కు 21,700. స్టేషన్ మాస్టరుకు 35,400. విజయవాడ 'వై' తరగతి నగరం గనుక, 2024 జనవరి నుండి వర్తిస్తున్న 20 శాతం రేటున వీరికి వచ్చే ఇంటి అద్దె భత్యం వరుసగా 3,600, 4,340, 7,080 రూపాయలు. ముగ్గురూ ఒకే వీధిలో 9,000 రూపాయలకు రెండు గదుల వాటా తీసుకున్నారనుకుందాం. స్టేషన్ మాస్టరు తన జేబు నుండి వేసుకొనవలసినది 1,920 రూపాయలు; అది మూల వేతనంలో ఐదున్నర శాతం లోపే. పోస్ట్‌మన్ వేసుకొనవలసినది 4,660. మొదటి లెవెల్ ఉద్యోగి వేసుకొనవలసినది 5,400. అది మూల వేతనంలో సరిగా 30 శాతం!

స్టేషన్ మాస్టరుకు ఎక్కువ వస్తున్నదన్నది మన ఫిర్యాదు కాదు, ఆయనకు వచ్చేదీ అద్దెకు చాలటం లేదు. మన ఫిర్యాదు ఏమంటే, భత్యం వేతనాన్ని బట్టి పెరుగుతున్నది గాని ఇంటి అద్దెకు వేతన లెవెళ్ళు తెలియవు. అందువలన తక్కువ జీతగానికే ఎక్కువ బరువు పడుతున్నది.

ఇందులో మరొక సూక్ష్మం ఉన్నది. 6వ వేతన సంఘం నాటి భత్యం రేట్లు నగర తరగతిని బట్టి 30, 20, 10 శాతం. 7వ వేతన సంఘం వాటిని 24, 16, 8కి తగ్గించినది. వేతనాలు 2016 జనవరి నుండి సవరించినా, ఇంటి అద్దె భత్యాన్ని 2017 జూలై నుండి మాత్రమే సవరించారు. మధ్యనున్న 18 నెలల బకాయి మనకు దక్కలేదు. కింది స్థాయి వారికి ఊరటగా 'ఎక్స్' నగరాలలో 5,400, 'వై' నగరాలలో 3,600, 'జెడ్' ఊళ్ళలో 1,800 రూపాయలు కనీస భత్యంగా నిర్ణయించారు. ఆ తరువాత కరువు భత్యం 25 శాతం దాటినప్పుడు 'వై' రేటు 18 శాతమైనది; 50 శాతానికి చేరినప్పుడు 20 శాతమైనది. రేటు రెండుసార్లు పెరిగిందని మనం సంతోషించాము. కాని 18,000 మీద 20 శాతమంటే ఎంత? అదే 3,600! అంటే 2017 జూలైలో ఈ నగరంలో కొత్తగా చేరిన మొదటి లెవెల్ ఉద్యోగికి వచ్చిన భత్యమే, 2024లో చేరినవారికీ వచ్చినది. ఏడేళ్ళలో ఒక్క రూపాయి పెరగలేదు. ఈ ఏడేళ్ళలో ఏ ఇంటి యజమాని అయినా అద్దె పెంచకుండా ఆగినాడా?

నగర తరగతి సంగతీ ఇటువంటిదే. 5 లక్షల జనాభా దాటితే 'వై', లేకపోతే 'జెడ్'. ఈ వర్గీకరణ 2011 జనగణన మీద ఆధారపడినది. రాజమండ్రి, కర్నూలు ఆనాడు 5 లక్షలకు కొద్దిగా తగ్గినందువలన 'జెడ్'లో మిగిలిపోయినవి. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. ఊరు పెరిగినది, అద్దె పెరిగినది, తరగతి మాత్రం కదలలేదు.

చట్టం కాపాడదా అని కొందరు మిత్రులు అడుగుతారు. ఉమ్మడి రాష్ట్రంలోని 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం, 2005 సవరణ తరువాత, కార్పొరేషన్ ప్రాంతాలలో నెలకు 3,500 రూపాయలు మించిన అద్దె గల ఇళ్ళకు వర్తించకుండా పోయినది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దె మించరాదన్నది. అయితే ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చట్టం చేసుకుంటేనే దానికి బలం. కనుక మన చేతిలోని మొదటి ఆయుధం వ్రాతపూర్వకమైన ఒప్పందమే. ఏడాది మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించవలసి ఉండటం వలన పదకొండు నెలల కాగితం వాడుకలోకి వచ్చినది. ఆ కాగితంలో అద్దె, అడ్వాన్సు, అది తిరిగి ఇచ్చే గడువు, కరెంటు యూనిట్ ధర, ఖాళీ చేయటానికి ముందుగా చెప్పవలసిన కాలం స్పష్టంగా వ్రాయించుకొనండి. రశీదు అడగండి. సంవత్సరపు అద్దె లక్ష రూపాయలు మించితే ఆదాయపు పన్ను మినహాయింపుకు యజమాని పాన్ నంబరు చూపవలసి వస్తుందని, కొందరు యజమానులు తక్కువ మొత్తానికే రశీదు వ్రాస్తామంటారు. అలా వ్రాసిన ప్రతి రశీదూ మన కష్టాన్ని తక్కువ చేసి చూపే సాక్ష్యమే అవుతుంది.

చవక అద్దె వెనుక దాగియున్న ఖరీదును కూడా గమనించాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం ప్రాంతాలను ముంచివేసినది. అద్దె తక్కువని కింది వాటాలలో చేరిన కుటుంబాల మంచాలు, బీరువాలు, పిల్లల పుస్తకాలు నీళ్ళపాలైనవి. చేతిలో కాగితం లేని అద్దెదారు ఆ ఇంట తానున్నట్లు రుజువు చేసుకొనటం కూడా కష్టమే. పల్లపు నేలలో నివసించటం పేద ఉద్యోగి కోరిక కాదు. 3,600 రూపాయల భత్యం అతనిని అక్కడకు నెట్టినది.

అయితే కర్తవ్యమేమిటి? 8వ వేతన సంఘం 2025 నవంబరులో ఏర్పడినది. నివేదికకు దానికిచ్చిన గడువు 18 నెలలు. దాని ముందు మన కోర్కెలు స్పష్టంగా ఉండాలి. కనీస భత్యాన్ని ఆయా నగరాలలో రెండు గదుల ఇంటి వాస్తవ అద్దెను బట్టి నిర్ణయించాలి. కరువు భత్యం పెరిగినప్పుడల్లా ఆ కనీస మొత్తం రూపాయలలో పెరగాలి. పాత జనాభా లెక్కల పేరిట ఊళ్ళకు అన్యాయం చేయరాదు. పాడుపడిన క్వార్టర్లను బాగుచేసి, ఖాళీగా ఉంచకుండా కేటాయించాలి.

కోర్కెలకు బలం సాక్ష్యం. అందుకు ప్రతి శాఖ ఒక అద్దె రిజిస్టరు తెరవాలని మా సూచన. పేట, గదులు, అద్దె, అడ్వాన్సు, అదనపు ఖర్చులు, ముంపు భయం ఉన్నదా లేదా, గత పెంపుదల ఎప్పుడు, ఎంత - ఈ వివరాలను ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ అందులో నింపాలి. పేర్లు వ్రాయనవసరం లేదు. ఏ వీధిలో ఏ వాటా ఖాళీ అయినదో బ్రోకరు కంటె ముందు పోస్ట్‌మన్‌కు తెలుస్తుంది. రాత్రి డ్యూటీకి అభ్యంతరం చెప్పని ఇల్లు ఏదో రైల్వే సోదరులకు తెలుసు. ఈ రెండు తెలివిడులూ ఒకే పుస్తకంలో చేరితే, వచ్చే నెల బదిలీ మీద దిగే ఉద్యోగి సామానుతో వీధుల వెంట తిరగవలసిన పని ఉండదు. ఖాళీ చేసే సభ్యుడు పది రోజుల ముందు శాఖకు తెలిపితే, ఆ వాటా కమీషను లేకుండా మరొక సభ్యునికి దక్కుతుంది.

ఒకే రిజిస్టరు, రెండు ప్రయోజనాలు: ఈనాడు ఒకరికి ఇల్లు చూపుతుంది, రేపు వేతన సంఘం ముందు అందరి పక్షాన మాట్లాడుతుంది. దానిని తెరవటానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఈ నెల శాఖా సమావేశాలలోనే మొదటి పేజీ నింపవలసినదిగా కోరుతూ ముగిస్తున్నాము.