చెయ్యి తగలని పరీక్ష మాకొద్దు

(బడులు తెరిచే ముందు దళితవాడలో జరిగిన తల్లిదండ్రుల సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఇంకో పది రోజుల్లో బడులు తెరుస్తారు. పలక కొన్నారా, బట్టలు కుట్టించారా అని ఒకరినొకరం అడుగుతున్నాం. ఈ ఏడు ఇంకో మాట కూడా అడుక్కోవాలి. పిల్లకి అయిదేళ్ల సూది వేయించారా? కళ్లు చూపించారా? చెవులు చూపించారా? ఇది డాక్టర్లు మాట్లాడాల్సిన సంగతి గదా, పంతుళ్లకెందుకు అని మీకు అనిపించొచ్చు. ఎందుకో చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాం.

మా అమ్మానాన్నలు వేలిముద్రగాళ్లు. మా ఇళ్లల్లో బడి గడప తొక్కిన మొదటి తరం మేము. అట్లాంటి మేమే ఒక తప్పు చేశాం. అది ముందు ఒప్పుకొని తర్వాత మాట్లాడతాం.

మా తరగతిలో ఈ పల్లె పిల్లే ఒకతి ఉండేది. బోర్డు మీద రాసింది ఎక్కించుకోమంటే పక్కపిల్ల పలకలోకి తొంగిచూసేది. కొట్టొద్దని చట్టం ఉంది కాబట్టి కొట్టలేదు, అంతే. తీసుకుపోయి వెనక వరసలో కూర్చోబెట్టాం. "దీనికి రాదు" అని మాలో మేము అనుకున్నాం. ఏడాది తర్వాత కళ్ల పరీక్ష జరిగితే తేలిందేమంటే, ఆ పిల్లకి బోర్డే కనపడటం లేదు. అద్దాలు వచ్చాక మూడు నెలల్లో పాఠం గడగడా చదివింది. ఆ పిల్లకి చదువు రాక కాదు, అక్షరం కనపడక. కనపడని పిల్లని వెనక్కి నెట్టిన పంతుళ్లం మేము. అంబేడ్కర్ ఫొటో ఇంట్లో పెట్టుకున్నవాళ్లమే ఆ పని చేశామంటే, మిగతా పంతుళ్ల సంగతి వేరే చెప్పాలా?

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఊళ్లో పెద్దకులం పిల్లవాడికి కళ్లు కనపడకపోతే అద్దాలు వస్తాయి. మన పిల్లకి కనపడకపోతే "వాళ్లకి చదువు అబ్బదులే" అనే మాట వస్తుంది. వాళ్ల పిల్లవాడి చెవిలో చీము కారితే డాక్టరు దగ్గరికి పోతాడు. మన పిల్లవాడికి చెవి వినపడక పిలిస్తే పలక్కపోతే మొద్దు అయిపోతాడు. నెత్తురు లేక పదకొండింటికే కునికిపాట్లు పడితే సోమరిపోతు అయిపోతాడు. ఒంట్లో ఉన్న జబ్బుని కులంలో ఉన్న లోపంగా రాసిపెడుతున్నారు. వెయ్యేళ్ల నుంచీ మన మీద వేసిన నింద ఇదే గదా! అందుకని బడిలో చేరేటప్పుడు జరిగే పరీక్ష ఒక్క ఒంటి పరీక్షే కాదు. మన పిల్లల మీద పడే నిందని ముందే కొట్టేసే పరీక్ష అది.

ఈ పరీక్ష ఎవరో దయతలచి చేసేది కాదు. 2013లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లలందరినీ చూడాలి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఏడాదికి ఒకసారి బండి రావాలి. అందులో ఇద్దరు డాక్టర్లు, అందులో ఒకరు ఆడ డాక్టరు, ఒక నర్సమ్మ, మందులిచ్చే మనిషి ఉండాలి. పుట్టుకతో వచ్చిన లోపాలు, తిండి లోపంతో వచ్చేవి, జబ్బులు, ఎదుగుదలలో వెనకబాటు చూడాలి. గుండెలో రంధ్రం, గ్రహణం మొర్రి, వంకర పాదం, చూపు, వినికిడి అన్నీ అందులో ఉన్నాయి. ఏదన్నా దొరికితే పెద్దాసుపత్రికి పంపి, ఆపరేషన్ దాకా ఉచితంగా చేయించాలి. కాగితం మీద ఉన్నది ఇది.

మరి జరిగేది ఏంది? ఒక బడిలో మేము కళ్లారా చూశాం. పొద్దున బండి వచ్చింది, మధ్యాహ్నానికి పోయింది. ఊరి పిల్లలు ముందు, వాడ పిల్లలు వెనక. వెనకవాళ్ల దగ్గరికి వచ్చేసరికి కుర్చీలోంచే "నోరు తెరు, నాలిక చూపించు, ఇంక పో" అన్నారు. ఒక్క పిల్లవాడి చెయ్యి పట్టుకోలేదు, గుండె మీద గొట్టం పెట్టలేదు. రిజిస్టరులో మాత్రం అందరి పేర్ల ఎదురుగా "బాగున్నారు" అని పడింది. అడిగితే "ఇంకా రెండు బళ్లు తిరగాలి మాస్టారూ" అన్నారు. బళ్లు ఎక్కువ, మనుషులు తక్కువ, అది నిజమే. చెమటపట్టిన మన పిల్లల్ని దగ్గరికి తీసుకొని చూసే డాక్టర్లనీ చూశాం, వాళ్లకి దణ్ణం. కానీ టైము చాలనప్పుడు ఆ కోత ఎప్పుడూ వాడ పిల్లల దగ్గరే ఎందుకు పడుతుంది? ఆ ప్రశ్న మనం అడగాలి.

చెయ్యి తగలని వైద్యం మనకి కొత్త కాదు. బాబాసాహెబ్ "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" అనే రచనలో ఒక సంగతి చెప్పారు. కథియవార్‌లో ఒక అంటరాని కులపు బడి పంతులు, ఆయన రాసిన ఉత్తరం 1929 డిసెంబరులో "యంగ్ ఇండియా" పత్రికలో వచ్చింది. బాలింత అయిన భార్యకి జబ్బు చేసింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. పెద్దమనుషులు చెబితే, ఆమెని వాడ బయటికి తెస్తే చూస్తానన్నాడు. పసిబిడ్డతో సహా ఆమెని బయటికి తెచ్చారు. డాక్టరు థర్మామీటరుని ఒక ముస్లిం చేతికిచ్చాడు, ఆయన పంతులికిచ్చాడు, పంతులు భార్యకిచ్చాడు. మళ్లీ అదే వరసలో వెనక్కిపోయింది. డాక్టరు దీపం వెలుతురులో చూసి న్యుమోనియా అన్నాడు. తర్వాత మళ్లీ వచ్చి చూడమంటే రాలేదు. ఆమె చచ్చిపోయింది. ఆ పంతులు కూడా మాలాగ బడిపంతులే. చదువుకున్నాడు, ఉద్యోగం ఉంది, డబ్బు కట్టగలడు. అయినా భార్యని దక్కించుకోలేకపోయాడు. అందుకే అంటున్నాం, చెయ్యి తగలని పరీక్ష పరీక్ష కాదు.

ఇక సూదుల సంగతి. పుట్టగానే, నెలన్నరకి, రెండున్నర నెలలకి, మూడున్నర నెలలకి, తొమ్మిది నెలలు నిండాక, ఏడాదిన్నర దాటాక వేయించేవి చాలామంది వేయిస్తున్నారు. తర్వాత పిల్లవాడు నడుస్తాడు, పరిగెడతాడు, మనం మర్చిపోతాం. అయిదారేళ్ల మధ్య ఇంకో సూది ఉంది. డీపీటీ రెండో బూస్టరు అంటారు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం మూడింటికీ అది. చిన్నప్పుడు వేసిన సూదుల బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే పిల్లలు నలభైమంది ఉన్న గదిలోకి పోతారు. కంఠసర్పి గొంతులో పొరకట్టి ఊపిరి ఆపే జబ్బు. అందుకే బడికి పోయే ముందు ఆ సూది. ఆ తర్వాత పదేళ్లకొకటి, పదహారేళ్లకొకటి ధనుర్వాతం, కంఠసర్పి సూది ఉంటాయి. తట్టు, రుబెల్లా టీకా రెండు మోతాదులూ అయిదేళ్లలోపే పూర్తికావాలి. కాబట్టి అంగన్‌వాడీలో ఉండగానే కార్డు చూసుకోండి. మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదటి నుంచి వేయక్కర్లేదు, ఆగిన చోటు నుంచి వేస్తారు. అన్నీ ఉచితం.

"మా అత్త తట్టు పోస్తే వేపాకు కట్టింది, బతికాం" అంటారు కొందరు. బతికినవాళ్లం మాట్లాడుతున్నాం. పోయినవాళ్లు మాట్లాడలేరు గదా! మాతో చదివిన పిల్లల్లో పోలియోతో కాలు చచ్చుబడినవాళ్లు ఉన్నారు. ఈనాటి బళ్లల్లో అట్లాంటి పిల్లలు కనపడటం లేదు. దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది. అది దేవుడి వరం కాదు, ఇంటింటికీ తిరిగి వేసిన చుక్కల ఫలితం. అయినా పని పూర్తి కాలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది నుంచి రెండేళ్ల మధ్య పిల్లల్లో నూటికి 73 మందికే టీకాలన్నీ అందాయి. అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి అరవైమందికి పైగా నెత్తురు చాలదు. మిగిలిపోయిన ఆ ఇళ్లు ఎక్కడున్నాయో వెతకడానికి దూరం పోనక్కర్లేదు. మిరపకోతలకీ ఇటుకబట్టీలకీ వలసపోయే ఇళ్లు చూస్తే చాలు.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. కొన్ని బళ్లల్లో "టీకాల కార్డు తెండి, లేకపోతే చేర్చుకోం" అంటున్నారు. కార్డు అడగడం మంచిదే, మేమూ అడుగుతాం. కానీ కార్డు లేదని పిల్లని గడప దగ్గర నుంచి వెనక్కి పంపడానికి వీల్లేదు. 2009 విద్యాహక్కు చట్టం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ చదువు హక్కు ఇచ్చింది. అందులో టీకాల షరతు లేదు. వయసు కాగితం లేదని కూడా చేర్చుకోకుండా ఉండకూడదని ఆ చట్టంలోనే ఉంది. ముందు పిల్లని చేర్చుకోవాలి, తర్వాత సూది వేయించాలి. ఒకప్పుడు అంటు అని బయట నిలబెట్టారు. ఇప్పుడు కార్డు పేరు చెప్పి నిలబెడితే ఒప్పుకుంటామా?

అట్లాగని మన తప్పు మనం దాచుకోవద్దు. సూది వేస్తే జ్వరం వస్తుంది, కూలి పోతుంది అని ఆపేస్తున్నాం. ఒకరోజు జ్వరం తగ్గిపోతుంది. కంఠసర్పి వస్తే పిల్లే పోతుంది. ఆసుపత్రి పని అంతా ఆడవాళ్ల నెత్తిన వేసి మగవాళ్లు రచ్చబండ మీద కూర్చుంటున్నారు. బిడ్డ ఇద్దరిదీ అయితే, ఒకరోజు కూలి అయ్య పోగొట్టుకుంటే ఏం?

చేయాల్సిన పనులు చెప్పి ముగిస్తాం. టీకాల కార్డుని రేషన్ కార్డుతో కలిపి పెట్టుకోండి. వలసపోతే వెంట తీసుకుపోండి, ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి అంగన్‌వాడీలోనో ఆరోగ్య ఉపకేంద్రంలోనో వేయించుకోవచ్చు. బిడ్డ పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయించండి. 2023 అక్టోబరు నుంచి పుట్టిన పిల్లలకి పుట్టిన తేదీకి ఆ పత్రమే ఆధారం అవుతుంది. సూదుల రోజు నర్సమ్మ ఊరి నడిబొడ్డునే కూర్చుంటే, వాడలోకి కూడా రమ్మని పంచాయతీకి అర్జీ పెడదాం. బడికి డాక్టర్ల బండి వచ్చే తేదీ ముందే అడిగి తెలుసుకోండి. ఆ రోజు సంఘం నుంచి ఇద్దరు తల్లులు, ఒక తమ్ముడు బడి దగ్గర ఉండాలి. గొడవకి కాదు, చూడటానికి. పెద్దాసుపత్రికి పంపాలని రాసిన ప్రతి పిల్ల పేరూ మనమొక నోటుబుక్కులో రాసుకోవాలి. పోయిందా, వైద్యం అయిందా, అద్దాలు వచ్చాయా అని నెలనెలా అడగాలి. రాసి వదిలేసిన కాగితం జబ్బుని తగ్గించదు.

మా వంతు మేము చెబుతున్నాం. ఈ ఏడు నుంచి ఏ పిల్లనీ కళ్లు, చెవులు చూపించకుండా "రాదు" అనం. అన్నామని తెలిస్తే బడికొచ్చి నిలదీయండి.

జై భీం.